మంచానికి ఇద్దరు

"కరెంటు బిల్లు ఏదిరా?" అని స్వరాజ్యం మళ్లీ అడిగింది. అడగడం అది మూడోసారి.

జగదీశ్ కారు ముందద్దం మీద నీళ్లు చల్లి పాత బనియనుతో తుడుస్తున్నాడు. ఎయిర్‌పోర్టు ట్రిప్పుకు ఇంకా గంట టైముంది.

"ఏం బిల్లక్కా? కింద ఒక్క ఫ్యామిలీ, ముగ్గురే మనుషులు. రెండు వందలో మూడు వందలో వస్తది. నేను కడుతున్న గద. నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?"

"పరేషాన్ గాదు. చూస్త అంటున్న."

"ఆదివారం పోదాం తొండుపల్లికి. పైపులైనుకు గల్లీ అంత తవ్విండ్రు. కారు పోదు."

"కారెందుకు? నడిచి పోత."

జగదీశ్ ఆ మాట విననట్టే కారు అవతలి పక్కకు పోయి అక్కడి అద్దం తుడవసాగాడు. స్వరాజ్యం కాసేపు నిలబడి, లోపలికి వచ్చింది. తమ్ముడి భార్య అరుణ వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూ, తల ఎత్తకుండానే, "కూసో వదినె, చాయ్ పెడుత," అంది. వచ్చిన ఐదు రోజుల్లో ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క పని ముట్టనివ్వలేదు. మొదట అది ప్రేమే అనుకుంది.

ఆరేళ్లుగా స్వరాజ్యం గ్రీసు దేశంలో, నాక్సోస్ అనే దీవిలో, కలియోపి అనే ముసలామె ఇంట్లో ఉంటోంది. వంట, స్నానం, మందులు ఆమె పని. వాటికంటే ఎక్కువ కాగితాల పని. ముసలామెకు చూపు ఆనదు. కొడుకు ఏథెన్సులో ఉంటాడు. అక్కడి కరెంటు బిల్లులోనే మున్సిపాలిటీ చెత్త పన్నూ టీవీ చందా కూడా కలిసి వస్తాయి. ఏది ఎంతో పెన్సిలుతో వేరు చేసి, చదివి వినిపించి, కట్టాక రసీదును నోటుబుక్కులో అతికించేది స్వరాజ్యం. వాళ్లది కొండ మీది ఊరు. బ్యాంకు పనికి బస్సులో రేవు దాకా దిగాలి. చలికాలం గాలికి ఓడ రాకపోతే మందులు కూడా ఆగుతాయి. అందుకే ఏ పనైనా గడువుకు పది రోజుల ముందే చేయడం ఆమెకు అలవాటైపోయింది.

నాలుగేళ్ల కింద సెలవు మీద వచ్చినప్పుడు, ఆమె పంపిన డబ్బుతో కట్టిన తొండుపల్లి ఇంటికి కొత్తగా మీటరు బిగించారు. ఆనాటి మొదటి బిల్లుకు ఆమె ఫోటో తీసి పెట్టుకుంది. ఇప్పుడు మంచం మీద కూర్చుని ఫోనులో ఆ ఫోటో వెతికి, సర్వీసు నంబరు చూసి, కరెంటు వాళ్ల సైట్‌లో ఒక్కో అంకె నొక్కింది.

ఆరు వందల నలభై రెండు యూనిట్లు. ఐదు వేల నూట పద్దెనిమిది రూపాయలు.

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. ముందటి నెల ఆరు వందల పది. దాని ముందటి నెల ఆరు వందల ముప్పై. ముగ్గురు మనుషుల ఇంటికి అంత కరెంటు కాలదు. మేడ మీద ప్లాస్టరింగు కూడా కాలేదని పోయిన ఏడాదే ఆమె చేత రెండు లక్షలు తెప్పించుకున్నాడు తమ్ముడు.

బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. అది గల్లీ మలుపు తిరిగేదాకా ఆగి, ఆమె గౌసియాకు ఫోన్ చేసింది.

*

గౌసియా, స్వరాజ్యం ఒకప్పుడు కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్ల ఫ్యాక్టరీలో పక్కపక్కన నిలబడి పని చేశారు. గౌసియా భర్త విలాయత్ అలీకి ఆటో ఉంది. ముగ్గురూ తొండుపల్లి చేరేసరికి పదకొండు దాటింది. గల్లీలో ఎక్కడా తవ్విన ఆనవాలు లేదు. ఆటో గేటు దాకా పోయింది.

గేటు మీద నీలం రంగుతో 'స్వరాజ్య నిలయం' అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాలతో 'జెంట్స్ హాస్టల్' అనీ, జగదీశ్ ఫోన్ నంబరూ ఉన్నాయి.

"నీ పేరే పెట్టిండు," అంది గౌసియా.

సంపు మూత తెరిచి ఉంది. ముప్పై ఏళ్ల మనిషి ఒకడు లుంగీ ఎగగట్టి, తాడు కట్టిన బకెట్‌తో నీళ్లు తోడుతున్నాడు. పక్కన ఎనిమిది బకెట్లు వరుసగా ఉన్నాయి. ఆడవాళ్లను చూసి లుంగీ దించుకున్నాడు.

"వంటకొచ్చినవా అక్కా? జగదీశ్ సార్ పంపిండా?"

గౌసియా నోరు తెరవబోయింది. స్వరాజ్యం ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది.

"ఆఁ," అంది. "చూసి పోదామని వచ్చిన."

అతని పేరు రవీందర్. కందుకూరు దగ్గరి పల్లె. ఎయిర్‌పోర్టులో సరుకు ఎక్కించి దించే పని. రాత్రి డ్యూటీ దిగి వచ్చాడు. వంట మనిషి వస్తే మంచిదన్న ఆశతో కాబోలు, అడగకుండానే అన్నీ చూపించాడు. కింద రెండు గదులు, ఒక హాలు. మొత్తం పదకొండు ఇనుప మంచాలు. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసి, పగలే మనుషులు నిద్రపోతున్నారు. చెమట వాసన, తడి గోడల వాసన. మేకులకు యూనిఫాములు, గుర్తింపు కార్డులు వేలాడుతున్నాయి.

"మంచాలు పదకొండే ఉన్నయ్. ఎంతమంది ఉంటరు?"

"ఇరవై రెండు మందిమక్కా. మంచానికి ఇద్దరం. నేను డ్యూటీకి పోతె ఇంకొకడు వచ్చి పంటడు. వాడు లేస్తె నేను పంట. పక్క చల్లారదు." నవ్వబోయి ఊరుకున్నాడు. "వారానికి ఒకపారి డ్యూటీలు మారుతయ్. ఆ దినం ఒకడు కింద పండాలె."

"కిరాయి?"

"మనిషికి రెండున్నర వెయ్యి. కరెంటు వేరే. ఐదో తారీఖు దాటితె రోజుకు వంద జుర్మానా."

స్వరాజ్యం బాత్రూము తలుపు తోసింది. కుళాయి తిప్పింది. అది గాలి మాత్రం ఊదింది.

"మోటారు కాలి తొమ్మిది దినాలైంది," అన్నాడు రవీందర్. "సార్‌ను రోజు అడుగుతున్నం. ఆయన చేతుల ఏం లేదట. ఓనరమ్మ ఫారిన్ల ఉంటదట. ఆమెకు పైసలు వస్తె చాలు, ఇంగ ఏం పట్టదట. ఆమె ఒప్పుకుంటలేదు, నేనేం చెయ్యాలె అంటడు."

స్వరాజ్యం కుళాయి కట్టేసింది. గాలి ఆగిపోయినా ఇంకా బిగిస్తూనే ఉంది.

"మేడ మీద?" అని అడిగింది.

మెట్ల మీద సగం దాకా అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. పైన రెండు పెద్ద గదులు, తెల్లగా సున్నం వేసి, పాలిష్ బండలు పరిచి ఉన్నాయి. తలుపులకు కొత్త తాళాలు. కిటికీలోంచి చూస్తే నిండా పార్సిళ్లు. ఎవరో పార్సిళ్ల వ్యాపారి గోదాముగా వాడుకుంటున్నాడనీ, నెలకు ఇరవై ఐదు వేలిస్తాడనీ చెప్పాడు రవీందర్. "గా రెండు రూములు మాకిస్తె ఎవని మంచం వానికొస్తది. అడిగినం. గదానికి కూడ ఓనరమ్మనే ఒప్పుకుంటలేదట."

గౌసియా ఇక ఆగలేకపోయింది. "అరే, ఎవరి ముంగట ఏం మాట్లాడుతున్నవో ఎరికేనా నీకు? గీమెనే ఓనరమ్మ. గేటు మీద పేరు గీమెదే."

రవీందర్ మెట్ల మీదే నిలబడిపోయాడు. అతని చెయ్యి లుంగీ అంచును వెతుక్కుంది. స్వరాజ్యం అతని ముఖం చూడలేక పార్సిళ్ల వైపు చూసింది.

"మోటారు యాడుంది? ఇప్పు," అంది.

*

మోటారును గోనెసంచిలో చుట్టి ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకున్నారు. దాన్నుంచి కాలిన వార్నిష్ వాసన దారంతా వచ్చింది. కాటేదాన్‌లో వాళ్లకు తెలిసిన వైండింగ్ షాపు ఇంకా అక్కడే ఉంది. ఓనరు మారాడు. కొత్తాయన మోటారు పొట్ట విప్పి, నల్లబడ్డ రాగి తీగను పక్కకు తీసి, "రేపు రాండ్రి" అన్నాడు. స్వరాజ్యం కదల్లేదు. స్టూలు అడిగి అక్కడే కూర్చుంది. మూడు గంటలు పట్టింది. కొత్త తీగను ఆయన చుట్టు చుట్టుగా గాడిలోకి దించుతుంటే చూస్తూ కూర్చుంది. రెండు వేల ఎనిమిది వందలు అయింది. రసీదు రాయించుకుంది.

సాయంత్రం కుళాయిలోంచి ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా నీళ్లు వచ్చాయి. డ్యూటీకి తయారవుతున్న పదిమంది బయటికి వచ్చి నిలబడ్డారు. వాళ్లలో ఒకడు నీళ్ల కింద తల పెట్టాడు.

"అక్కా, దండం నీకు," అన్నాడు రవీందర్. పొద్దున అన్న మాటలకు ఇంకా సిగ్గుపడుతున్నాడు. "నేనేమో గట్ల నోరు జారిన."

"నువ్వు విన్నదే అన్నవ్," అంది స్వరాజ్యం. ఆ నీళ్ల చప్పుడు ఆమెకు ధైర్యమిచ్చింది. "మేడ మీద రూములు ఖాళీ చేయిస్త. ఇంగో పదకొండు మంచాలు వేయిస్త. ఎవల మంచం వాళ్లకు. నేను మళ్ల పొయ్యేలోపల చేస్త."

ఎవరూ అడగకుండా ఇచ్చిన మాట అది.

*

మర్నాడు పొద్దంతా ఆఫీసుల్లో తిరిగింది. కరెంటు ఆఫీసులో బిల్లుకు తన ఫోన్ నంబరు ఎక్కించుకుంది. మున్సిపాలిటీలో ఇంటి పన్ను మూడేళ్లుగా కట్టలేదని తేలింది. జుర్మానాతో కలిపి కట్టేసి, రసీదు తీసుకుంది. ఇంటి పన్నుకని తమ్ముడికి ఏటా డబ్బు పంపుతూనే ఉంది.

సాయంత్రం జగదీశ్ ఇంటికొచ్చేసరికి ఆ కాగితాలన్నీ బల్ల మీద వరుసగా పెట్టి కూర్చుంది. వాడు చెప్పులు విడిచి, కాగితాలు చూసి, మళ్లీ గడప బయటికి పోయి కాళ్లు కడుక్కున్నాడు. ఆ పని చాలాసేపు చేశాడు.

"తొండుపల్లి పోయినవట," అన్నాడు వచ్చి కూర్చుని.

"పోయిన. వంట మనిషి అనుకున్నరు నన్ను."

జగదీశ్ తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకున్నాడు.

"నేను పైసలకు చచ్చేదాన్నని చెప్పినవట వాళ్లకు. నేను ఒప్పుకుంటలేనని మోటారు బాగు చేయిస్తలేవట."

"ఏదో ఒకటి చెప్పాలె గదక్కా. లేకపోతె నా మీద పడి తింటరు. నువ్వు ఈడ లేవు. నిన్నంటె నీకేం నష్టం?"

"నా పేరుకు నష్టం లేదా?"

"పేరు!" వాడి గొంతు లేచింది. "పేరు నీది, కాళ్లు నావి. సిమెంటుకు తిరిగింది ఎవలు? పర్మిషన్ కోసం ఆఫీసర్ల చుట్టు ఎండల తిరిగింది ఎవలు? నువ్వు ఫోన్ల చెప్తవ్, నేను చేస్త. ఆరేండ్లల్ల ఒక్కపారన్న 'తమ్మీ, నీకెంత ఖర్చయింది' అని అడిగినవా? తిరిగినోనికి కూలి ఉండదా?"

ఆ మాటలో నిజం ఉంది. అది స్వరాజ్యానికి గుచ్చుకుంది. అయినా ఆమె కాగితాల మీది నుంచి చెయ్యి తీయలేదు.

"కూలి అడిగితె ఇద్దును. అడగకుండ తీసుకున్నవ్. ఆడ ముసలామెకు నేను మందుల దుకాణం చీటీ కూడ అతికించి చూపిస్త. ఆమెకు కండ్లు కనవడవ్. అయిన చూపిస్త."

"నువ్వు ఆమెకు జీతగత్తెవు. నేను నీకు తమ్ముణ్ణి. లెక్క చూపిస్తె తమ్ముడెట్లయిత?"

"నేను ఆరేండ్లు లెక్క అడగలే. అడగకపోతేనే అక్కనైతనా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అరుణ వచ్చి రెండు కప్పుల చాయ్ బల్ల మీద పెట్టింది. ఎప్పుడూ ఇచ్చే గాజు గ్లాసులు కావు. బయటివాళ్లకు తీసే పింగాణీ కప్పులు, సాసర్లతో.

ఆ రాత్రి భోజనాలకు ముందే తెల్ల కాగితం మీద రాసుకున్నారు. మనుషుల కిరాయి, గోదాము కిరాయి ఇకనుంచి స్వరాజ్యం ఖాతాలో పడాలి. చూసుకున్నందుకు జగదీశ్‌కు నెలకు ఎనిమిది వేలు. వాడు పన్నెండు అడిగాడు. ఆమె ఎనిమిది దగ్గరే నిలబడింది. తీసుకున్నదాని గురించి ఆమె అడగలేదు, వాడు చెప్పలేదు. ఎదురుగా కొత్తకారు ఈఎంఐ కాగితం గోడకు గుచ్చి ఉంది.

"గోదాము ఖాళీ చేయిస్త," అంది ఆమె.

"చేయించుకో. నాకేం? ఇగ నీ ఇల్లు, నీ ఇష్టం." వాడు సంతకం పెట్టి కలం మూత బిగించాడు. "ఇరవై ఐదు వేలు పోతయ్. పిలగాండ్ల దగ్గర ఎంతొచ్చినా గంత రాదు. కొత్త మంచాలు, ఫ్యాన్లు నువ్వే కొనాలె. నీ పైసలే. నాకేం?"

అక్కా అన్న పిలుపు ఆ మాటల్లో లేదు. ఆమె అది గమనించింది.

*

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం మంచాల దుకాణంలో ధర అడుగుతుండగా నాక్సోస్ నుంచి ఫోన్ వచ్చింది. కలియోపి మేనకోడలు దెస్పినా. స్వరాజ్యం సెలవులో ఉన్నన్నాళ్లు ఆమె ముసలామె దగ్గర ఉంటోంది. నీళ్ల బిల్లు కోసమనుకుని స్వరాజ్యం దుకాణం బయటికి వచ్చి, గ్రీకులో పలకరించింది.

బిల్లు కోసం కాదు. ముసలామె మంచం దిగుతూ పడిందట. తుంటి ఎముక విరగలేదు కానీ, కొడుకు వచ్చి చూసి, ఇక ఏథెన్సుకు తీసుకుపోతానన్నాడట. అక్కడ వృద్ధాశ్రమంలో చోటు దొరికింది. దీవిలో ఇంటిని మే నెల నుంచి టూరిస్టులకు ఇస్తాడు. "నువ్వు వచ్చి సామాను సర్దిపెట్టు. ఏప్రిల్ దాకా జీతమిస్తాడు," అంది దెస్పినా. ఆపైన, "నాకు చాలా బాధగా ఉంది," అని కూడా అంది.

"కిరియా ఏమంటోంది?" అని అడిగింది స్వరాజ్యం. ముసలామెను అలాగే పిలుస్తుంది, అమ్మగారూ అన్నట్టు.

"నీ నోటుబుక్కు దిండు కింద పెట్టుకుంది. ఎవరినీ ముట్టనివ్వడం లేదు."

ఫోన్ పెట్టేశాక స్వరాజ్యం రోడ్డు పక్కన నిలబడింది. తల మీదుగా ఒక విమానం చక్రాలు దించుకుంటూ పోయింది. పని పోతే ఆ దేశంలో ఉండడానికి ఇచ్చిన అనుమతి కాగితం కూడా పోతుంది. వేరే ఇల్లు దొరకాలి. యాభై ఒకటో ఏట మోకాళ్ల నొప్పులతో, ఇంకో ముసలామెను ఎత్తి దించే పని ఎవరిస్తారు? ఇక్కడికే వచ్చేస్తే చేతికొచ్చేది ఈ ఇంటి కిరాయే. మనసు ఆమె అనుమతి అడగకుండానే కూడిక వేసింది. కింద యాభై ఐదు వేలు, పైన ఇరవై ఐదు వేలు. తమ్ముడికి ఎనిమిది పోను డెబ్భై రెండు.

లోపల దుకాణదారు ఇనుప మంచాన్ని నిలబెట్టి, కాళ్లు ఊపి చూపిస్తున్నాడు. "పదకొండు అన్నరు గదమ్మా, జర తగ్గిస్త," అన్నాడు.

"మళ్ల వస్త," అంది ఆమె.

ఇంటికి పోయి పడుకుంది. అరుణ అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. కలియోపి దిండు కింది నోటుబుక్కే కళ్లలో ఆడింది. ఆ పుస్తకంలో ఒక్క సెంటు కూడా తప్పు లేదు. రేపటి తన బతుక్కు అది ఏమీ పనికిరాదు.

*

ఐదో తారీఖు పొద్దున ఆమె ఒక్కతే తొండుపల్లి పోయింది. బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సులు తీయించుకుని, వచ్చే నెల నుంచి కిరాయి ఏ ఖాతాలో వేయాలో అందరికీ చూపించాలని. ఈ నెలది చేతికే ఇచ్చారు. ఒక్కొక్కరి పేరు రాసుకుని రసీదు ఇచ్చింది. ఇన్నాళ్లలో అక్కడ రసీదు చూడడం అదే మొదటిసారి. కొందరు దాన్ని తిప్పి తిప్పి చూసి జేబులో పెట్టుకున్నారు. ఇద్దరు నెల మధ్యలో ఇస్తామన్నారు. జుర్మానా ఉండదని చెప్పింది. ఆ మాట చెప్పినప్పుడు ఆమెకు కొంచెం ఊపిరాడింది.

రవీందర్ చివరన వచ్చాడు. డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టున్నాడు, యూనిఫాం మీద దుమ్ముంది. నోట్లు ఇచ్చి, రసీదు తీసుకుని, పోకుండా నిలబడ్డాడు.

"అక్కా, డ్యూటీలు రేపు మారుతయ్. మేడ మీది రూములు ఎప్పుడు ఖాళీ అయితయ్? పోరగాండ్లు అడుగుతున్నరు. మంచాలు మోసే పని మేమే చేస్తం, కూలోళ్లు అవసరం లేదు."

హాలులో మాటలు తగ్గాయి. నిద్రపోతున్న వాళ్లు కూడా ఒకరిద్దరు తల తిప్పారు. స్వరాజ్యం పుస్తకంలో గీత కొట్టింది. కొట్టిన గీత మీదే మళ్లీ కొట్టింది. నిజం చెప్పవచ్చు. నా పని పోయింది, నాకా ఇరవై ఐదు వేలు కావాలి అని చెప్పవచ్చు. వాళ్లు అర్థం చేసుకునేవాళ్లేమో కూడా. వాళ్లకు పని పోవడం కొత్త కాదు.

"నేను చెప్పిన," అంది. "తమ్ముడు ఒప్పుకుంటలేడు."

రవీందర్ ఆమె ముఖం వంక చూశాడు. కోపంగా కాదు. కిందటి వారం వంట మనిషి అనుకుని చూసినప్పుడు కూడా ఇంత నెమ్మదిగా చూడలేదు. తర్వాత రసీదును నాలుగు మడతలు పెట్టాడు.

"సరే మేడమ్," అన్నాడు.

మూలన మంచం మీది మనిషి లేచి, దుప్పటి దులిపి, డ్యూటీకని మేకు మీది చొక్కా తీసుకున్నాడు. రవీందర్ బూట్లు విప్పి, ఆ పక్క మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.